కళ్లె డబ్బాతో ఎన్నిసార్లు రేవు దాటాలి?

జిల్లా క్షయ నివారణ అధికారి గారికి నమస్కారం.

రెండు వారాలు మించి దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించుకోవాలని మీ గోడరాతలే చెబుతున్నాయి. కొబ్బరి ఒలుపు కూలికి వెళ్లే మా బాబాయికి రెండు నెలలుగా దగ్గు. తెల్లవారుజామున తీసిన కళ్లె డబ్బాను కండువాలో చుట్టుకుని, మా లంక నుంచి పడవ మీద గోదావరి దాటి మూడుసార్లు ఆరోగ్య కేంద్రానికి వెళ్లారు. ఒకసారి టెక్నీషియన్ సెలవు. ఇంకోసారి కరెంటు లేదు. మూడోసారి దగ్గు మందు సీసా చేతిలో పెట్టి పంపేశారు. ఆ మూడు రోజుల కూలీ పోయింది, సరే. ఆయన పడుకునే గదిలోనే నాలుగేళ్ల మనవరాలూ పడుకుంటోంది.

రెండు అర్జీలు పెట్టాను, జవాబు లేదు. అందుకే నలుగురి ముందూ అడుగుతున్నాను: వారానికొక రోజు మా రేవులోనే కళ్లె సేకరించి, ఫలితం ఫోనుకు పంపించండి. క్షయ అని తేలితే ఆరు నెలల ఉచిత మందులు ఊళ్లోనే అందించి, పోషణకు నెలకిచ్చే 1000 రూపాయలు ఆలస్యం కాకుండా ఖాతాలో పడేలా చూడండి.

ఇట్లు,
ఒక లంక గ్రామస్థుడు