సూపర్ డెలిగేట్ల లెక్క వేరే కాలమ్‌లో వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ పేపర్లో అమెరికా ఎన్నికల మీద వచ్చిన వ్యాసంలో డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థిని సూపర్ డెలిగేట్లే డిసైడ్ చేస్తారు, ప్రైమరీలన్నీ ఉత్తుత్తివే అన్నట్టు రాశారు. అంత సీన్ లేదండి. ప్రైమరీ అంటే పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చడానికి రాష్ట్రాల వారీగా జనం వేసే ఓటు, దాన్నిబట్టి ఒక్కో అభ్యర్థి తరఫున డెలిగేట్లు (ప్రతినిధులు) పార్టీ మహాసభకి, అంటే కన్వెన్షన్‌కి వెళ్ళి టికెట్ ఖాయం చేస్తారు. సూపర్ డెలిగేట్లంటే ఆ ఓటుతో పని లేకుండా అక్కడ సీటున్న పార్టీ పెద్దలు.

ఎవరూ ఎన్నుకోని వాళ్ళు అన్నారు కదా, నిజానికి వాళ్ళలో చాలామంది గవర్నర్లు, సెనేటర్లు, కాంగ్రెస్ సభ్యులు, అంటే ఎక్కడో ఒకచోట గెలిచినవాళ్ళే, పార్టీ జాతీయ కమిటీ మెంబర్లూ మాజీ అధ్యక్షులూ కూడా ఉంటారు. కాకపోతే ఫలానా అభ్యర్థికి వేసి రండి అని జనం పంపినవాళ్ళు కాదు, పదవి ఉంది కాబట్టి కన్వెన్షన్లో సీటు. 1968లో అప్పటి ఉపాధ్యక్షుడు హంఫ్రీ ఒక్క ప్రైమరీలో పోటీ చేయకుండానే చికాగో కన్వెన్షన్లో పార్టీ టికెట్ తెచ్చుకున్నాడు, ఆ గొడవతో పవరంతా ఓటర్లకిచ్చారు, తీరా 1972లో అలా వచ్చిన అభ్యర్థి మెక్‌గవర్న్ 50 రాష్ట్రాల్లో 49 చోట్ల ఓడిపోయాడు, 1980లో అధ్యక్షుడిగా ఉన్న కార్టర్ కూడా ఓడిపోయాడు, దాంతో జనానికే వదిలేస్తే గెలవలేనివాళ్ళు వస్తారేమోనని పార్టీ పెద్దలకి భయం పట్టుకుని 1984 నుంచి వీళ్ళని పెట్టుకున్నారు. అప్పట్లో మన ముఖ్యమంత్రులు ఢిల్లీ నుంచి సీల్డ్ కవర్లో వచ్చేవాళ్ళు కాబట్టి పెద్దల పెత్తనం మనకి కొత్తేం కాదు లెండి.

ఇన్నేళ్ళలో ప్రైమరీల్లో ఎక్కువ డెలిగేట్లు గెలిచినవాళ్ళని ఈ సూపర్ డెలిగేట్లు పక్కన పెట్టింది ఒక్కసారి కూడా లేదు. మరి గొడవెక్కడ అంటే, వాళ్ళ ఓటుతో కాదు, ముందే ఎవరికి వేస్తామో చెప్పేయడం, దాన్ని మీడియా టోటల్లో కలిపేయడం. 2016లో టికెట్ కోసం శాండర్స్, హిల్లరీ క్లింటన్ పోటీ పడ్డారు. న్యూ హాంప్‌షైర్ రాష్ట్ర ప్రైమరీలో శాండర్స్‌కి 60 శాతం ఓట్లు, హిల్లరీకి 38 శాతం, డెలిగేట్లు 15, 9. ఆమె వైపున్న ఆరుగురు సూపర్ డెలిగేట్లని కూడా కూడితే 15, 15! ఊళ్ళో గెలిచినోడు లెక్కల్లో డ్రా.

ఆ జూన్ 7న కాలిఫోర్నియాలో ప్రైమరీ. మా అమ్మాయి అక్కడే ఉంటుంది, సిటిజన్‌షిప్ వచ్చాక మొదటి ఓటు, వారం నుంచీ ఒకటే హడావిడి. ముందురోజు సాయంత్రమే, అంటే మనకి తెల్లారేసరికి, హిల్లరీకి టికెట్‌కి కావాల్సిన 2,383 డెలిగేట్ల ఓట్లు వచ్చేశాయని వార్త, అందులో 571 సూపర్ డెలిగేట్లవే, అప్పటికి వాళ్ళెవరూ ఓటే వేయలేదు. ఫోన్ చేసి 'ఇంక నేనెళ్ళి ఏం పీకాలి నాన్నా' అంది. తమాషా ఏంటంటే మా అమ్మాయి హిల్లరీ మనిషే. వెళ్ళింది, వేసింది, కానీ ఆ ఉత్సాహం లేదు. ఇంకో తమాషా, అన్నాళ్ళూ సూపర్ డెలిగేట్లని తిట్టిన శాండర్స్ వర్గమే చివర్లో మావైపు రండి అని వీళ్ళనే బతిమాలింది.

2018లో, మళ్ళీ చికాగోలోనే, రూల్ మార్చారు, అభ్యర్థికి మెజారిటీ ముందే ఖాయమైతే తప్ప కన్వెన్షన్లో మొదటి రౌండ్ ఓటింగ్‌లో సూపర్ డెలిగేట్లకి ఓటు లేదు. మీ వ్యాసంలో ఈ ముక్కే లేదు. అయితే నోరు మాత్రం కట్టలేదు, ఎవరికి సపోర్టో ఇప్పుడూ టీవీలో చెప్పుకోవచ్చు.

కాబట్టి 2028లో మీరు పట్టిక వేసేటప్పుడు జనం ఇచ్చిన డెలిగేట్లు ఒక కాలమ్‌లో, వీళ్ళ మద్దతు వేరే కాలమ్‌లో వేయండి, కింద టోటల్ మాత్రం కొట్టకండి.

ఇట్లు,
మీ పాఠకుడు, తెనాలి