వార్షిక నివేదిక 2024–25: మన హైస్కూలు బాలికల వాలీబాల్ జట్టు

సంఘం సభ్యులందరికీ నమస్కారం.

మొక్కలు నాటడం, పదో తరగతి పిల్లలకు స్టడీ అవర్లలో అల్పాహారం, వేసవి చలివేంద్రం ఈ ఏడాదీ ఎప్పటిలాగే జరిగాయి. ఖర్చులు కోశాధికారి పట్టికలో ఉన్నాయి, ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఈసారి ఎక్కువ చోటు బాలికల వాలీబాల్ జట్టుకే ఇస్తున్నాం. తక్కువ డబ్బుతో ఎక్కువ మార్పు కనిపించింది అక్కడే.

నిరుడు మండల పోటీల్లో మన అమ్మాయిలు మొదటి మ్యాచ్‌లోనే ఇంటిదారి పట్టారు. సర్వీసు బాగుంది, స్మాష్ కొట్టేవాళ్లూ ఉన్నారు. కానీ బంతి ఇద్దరి మధ్య పడేది. ఒకరి మొహం ఒకరు చూసుకునేలోగా పాయింటు పోయేది. మన పెద్దలు ఆడిన రోజుల్లో సర్వీసు చేసే జట్టుకే పాయింటు వచ్చేది కాబట్టి, మన సర్వీసులో ర్యాలీ పోతే సర్వీసు ఒక్కటే చేతులు మారేది. 1998లో అంతర్జాతీయ సమాఖ్య, ఎవరు సర్వీసు చేసినా ర్యాలీ గెలిచినవాళ్లకే పాయింటు ఇచ్చే ర్యాలీ పాయింట్ పద్ధతిని ఆమోదించాక ఆ వెసులుబాటు పోయింది.

యూనివర్సిటీ జట్టుకు ఆడిన మన సభ్యుడొకరు పీఈటీ సార్‌తో కలిసి సాయంత్రాలు శిక్షణ ఇవ్వడానికి ఒప్పుకున్నారు. పిల్లల ఆటలో లోపం కన్నా మొహమాటం ఎక్కువని ఆయన మొదట్లోనే పట్టుకున్నారు. ఎనిమిదో తరగతి పిల్ల పదో తరగతి అక్క ముందుకెళ్లి ‘నాది’ అని అరవడానికి జంకేది. అక్కేమో చిన్నది తీసుకుంటుందిలే అని ఆగేది. పైగా ‘ఆడపిల్లలు బజారుకు వినబడేలా ఆ కేకలేంటి’ అని ఇళ్లలో సణుగుడు. ఇద్దరు ముగ్గురు తల్లులను ప్రాక్టీసుకే పిలిచి, ఆ కేక లేకపోతే ఇద్దరు పిల్లలు ఎలా గుద్దుకుంటారో చూపించాక అది తగ్గింది.

పెట్టిన నియమాలు కొన్నే. బంతిని తాకేముందు పిలవాలి. పిలవకుండా ఎంత బాగా తీసినా ప్రాక్టీసులో ఆ పాయింటు ఎదుటివాళ్లకే. రెండో బంతి ఎప్పుడూ లిఫ్టర్‌ది, అంటే స్మాష్ కొట్టేవాళ్లకు బంతి ఎత్తి ఇచ్చే అమ్మాయిది. మొదటి బంతి ఆమే తీయాల్సి వస్తే ‘హెల్ప్’ అనాలి, ఎవరు అందుకోవాలో ముందే అనుకుని ఉండాలి. స్మాష్‌కు ఎగిరే అమ్మాయి బంతినే చూస్తుంది కాబట్టి ఎదురుగా నెట్ దగ్గర ఎగిరి అడ్డుకునే బ్లాక్ ఒకరిదా ఇద్దరిదా, ఎక్కడ ఖాళీ ఉందో వెనక వరస చెప్పాలి. కొన్నాళ్లు నెట్ మీద పాత దుప్పట్లు కప్పి ఆడించారు. బంతి దుప్పటి దాటాకే కనబడుతుంది, ఆలోచించే టైమ్ ఉండదు, నోరు దానంతటదే లేస్తుంది. మొదటి వారం గందరగోళమే. ఒకే బంతికి ముగ్గురు ‘నాది’ అనడం, ముగ్గురూ వదిలేయడం కూడా చూశాం.

ఆయన గట్టిగా పట్టుబట్టిన ఇంకో విషయం: పాయింటు పోయాక ‘నువ్వెందుకు తీయలేదు’ అనకూడదు. ఏం చెప్పాలన్నా తర్వాతి సర్వీసు గురించే చెప్పాలి. మా దృష్టిలో అన్నిటికన్నా కష్టమైంది ఇదే. పెద్దవాళ్ల టోర్నమెంట్లలో మనం ఇప్పటికీ పాటించనిదీ ఇదే.

ఈ సందర్భంగా సభ్యులకు చిన్న మనవి. ప్రాక్టీసు వేళ కోర్టు చుట్టూ నిలబడి ‘వెనక్కి పో’, ‘ముందుకు రా’, ‘కొట్టు’ అని మనమంతా తలో మాట అరుస్తుంటే, లోపల పిల్లలు పిలుచుకునేది ఒకరికొకరికి వినబడటం లేదు. చప్పట్లకు అభ్యంతరం లేదు. సలహాలుంటే ఆట అయ్యాక కోచ్‌కు చెప్పండి.

ఈ ఏడాది మండల పోటీల్లో జట్టు ఫైనల్‌కు చేరి, 15 పాయింట్ల మూడో సెట్‌లో ఓడింది. ఇద్దరి మధ్య పడి పోయిన పాయింట్లు లేకపోలేదు గానీ బాగా తగ్గాయి. ఓటమికి అసలు కారణం మన సర్వీసులు వరసగా నెట్‌కు తగిలి అవతలికి దాటకపోవడం. దానికి వేరే సాధన కావాలి.

వచ్చే ఏడాది పదో తరగతి పిల్లలు బడి వదిలి వెళ్తున్నారు, లిఫ్టర్ కూడా వాళ్లలోనే ఉంది. ఏడు, ఎనిమిది తరగతుల నుంచి ఇద్దరిని ఆ స్థానానికి జూన్ నుంచే తయారు చేయాలని కోచ్ అడుగుతున్నారు. నెట్ చిరిగింది, రెండు బంతులు కావాలి. అబ్బాయిల జట్టుకూ ఇదే శిక్షణ మొదలుపెట్టాలంటే సాయంత్రం ఒక గంట కేటాయించగల మరో సభ్యుడు కావాలి. వీలున్నవారు సర్వసభ్య సమావేశంలోగా కార్యదర్శికి పేరు ఇవ్వగలరు.