భవానీ ద్వీపంలో మోటార్లు వద్దు, సైకిళ్లు కావాలి: పర్యాటక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి నమస్కారాలతో,

నేను విజయవాడలో పుట్టి పెరిగి, ఇక్కడే ఉద్యోగం చేసి రిటైరైన మనిషిని. మిమ్మల్ని అడగదలచుకున్నది ఒకటే. కృష్ణా నదిలో ఉన్న భవానీ ద్వీపంలో ఏ మోటారు బండీ తిరగకూడదని ప్రభుత్వం నిబంధన పెట్టాలి. వచ్చినవాళ్లు తిరగడానికి సైకిళ్లు ఇవ్వాలి.

ఇలాంటి ద్వీపాన్ని చూసి వచ్చాను కాబట్టే అడుగుతున్నాను. మా అమ్మాయి వాళ్లు అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో ఉంటారు. డెట్రాయిట్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. వేసవిలో అమ్మానాన్నలు వస్తే వాళ్లు తీసుకెళ్లే చోట్లలో మాకినా ద్వీపం ఒకటి. అది హ్యూరాన్ సరస్సులో ఉంది. కార్ల తయారీకి పేరుపడ్డ ఆ రాష్ట్రంలోనే, 1898లోనే, ఆ ఊరి కౌన్సిల్ మోటారు బళ్లను నిషేధించింది. వాటి చప్పుడుకి గుర్రాలు బెదిరిపోతున్నాయని అప్పట్లో ఫిర్యాదులు. నూట పాతికేళ్లు దాటినా ఆ నిషేధం అలాగే ఉంది.

ఒడ్డున పార్కింగులో కారు వదిలేసి బోటెక్కాలి. ప్రయాణం ఇరవై నిమిషాలు. సొంత సైకిల్ తెచ్చుకుంటే దానికి విడిగా టికెట్టు, లేదంటే దిగిన చోటే అద్దె సైకిళ్ల షాపులు వరసగా ఉంటాయి. ఇద్దరు కలిసి తొక్కేవి, చంటిపిల్లల్ని కూర్చోబెట్టి వెనక తగిలించుకునే చిన్న బళ్లు కూడా దొరుకుతాయి. రేవులో నన్ను బాగా ఆకట్టుకున్నది హోటళ్ల పోర్టర్లు. సైకిల్ ముందున్న బుట్టలో సూట్‌కేసులు ఒకదాని మీద ఒకటి తల ఎత్తు దాకా పేర్చి, ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఇంకో చెయ్యి ఆ దొంతర మీద పెట్టి రయ్యిన వెళ్లిపోతున్నారు. కొట్ల సరుకులు గుర్రబ్బళ్ల మీద వస్తాయి. అంబులెన్సు, ఫైరింజను, పోలీసు బండికి మాత్రం మినహాయింపు.

ద్వీపం చుట్టూ నీళ్ల అంచునే 13 కిలోమీటర్ల రోడ్డు ఉంది. ఎం-185 అనే ఆ రోడ్డు రాష్ట్ర హైవే. మోటారు బళ్లను నిషేధించిన రాష్ట్ర హైవే అమెరికా మొత్తంలో అదొక్కటే. ఓ పక్క అడుగున గులకరాళ్లు కనబడేంత తేట నీళ్లు, ఇంకో పక్క చెట్లు, సున్నపురాయి గుట్టలు. ఒకచోట పైన నలభై మీటర్లకు మించిన ఎత్తులో సహజంగా ఏర్పడ్డ రాతి తోరణం ఉంటుంది. మోకాళ్ల నొప్పులని వీధి చివరికి కూడా నడవని మా ఆవిడ సగం చుట్టు తొక్కింది. వెనక నుంచి ఎవరూ హారన్ కొట్టరు, పక్క నుంచి లారీ దూసుకుపోదు. రోడ్డు మీద ఆ టెన్షన్ లేకపోతే మనవాళ్లు ఏ వయసులోనైనా తొక్కుతారని నాకు అక్కడే అర్థమైంది.

ఇది డబ్బున్న దేశం కాబట్టి సాధ్యమైందని అనుకోనక్కర్లేదు. ఆ ద్వీపాన్ని 1875లో జాతీయ పార్కు చేశారు, ఎల్లోస్టోన్ తర్వాత అమెరికాలో అది రెండోది. 1895లో రాష్ట్రానికి అప్పగించారు. ఈనాటికీ 80 శాతానికి పైగా నేల రాష్ట్ర పార్కు చేతిలోనే ఉంది. నేలను ప్రజల ఆస్తిగా ఉంచారు, నిబంధనను వదిలేయలేదు. మిగతాదంతా దాని వెనకే వచ్చింది.

మనకు ప్రకాశం బ్యారేజీకి ఎగువన, ఇంద్రకీలాద్రికి ఎదురుగా, నూట ముప్పై ఎకరాల పచ్చటి ద్వీపం కృష్ణమ్మ ఇచ్చింది. దానికి వంతెన లేదు. లంక గ్రామాల సంగతి వేరు. అక్కడి జనం ఆసుపత్రికీ బడికీ పడవ మీద పోవాల్సి వస్తోంది, వాళ్లకు వంతెనలు కావాల్సిందే. భవానీ ద్వీపానికి మనం వెళ్లేది సేద తీరడానికి. రేపు ఎవరో ఒకరు వంతెన వేద్దామంటారు, లోపల జీపులు తిప్పుదామంటారు. అలాంటి ప్రతిపాదన రాకముందే నిషేధం కాగితం మీదికి ఎక్కాలి. ఒకసారి బండి లోపలికి వెళ్లాక దాన్ని బయటికి పంపడం ఎవరి తరమూ కాదు.

సైకిళ్లు నడపడానికి పెద్ద కంపెనీలూ అక్కర్లేదు. మా చిన్నప్పుడు విజయవాడలో ప్రతి పేటలోనూ గంటకింత అని అద్దె సైకిల్ షాపు ఉండేది. షాపాయన నోటుబుక్కులో పేరు, టైము రాసుకుని సైకిల్ చేతికిచ్చేవాడు. ద్వీపంలో ఆ పని మహిళా సంఘాలకు అప్పగిస్తే వాళ్లకు ఆదాయం, మనకు నమ్మకం. చుట్టూ చదునైన సైకిల్ బాట వేయించండి. పెద్దవాళ్ల కోసం మూడు చక్రాల సైకిళ్లు, నడవలేనివాళ్ల కోసం వీల్‌చైర్లు రేవు దగ్గరే ఉంచండి. గుర్రాలు మాత్రం మన ఎండలకు వద్దు.

అన్నిటికంటే ముందు బోటు. 2017 నవంబరులో మన కృష్ణలోనే పవిత్ర సంగమం దగ్గర బోటు బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర అంతకు మించిన ఘోరం జరిగింది. లైఫ్ జాకెట్ తొడుక్కోని మనిషిని, లెక్కకు మించిన మనిషిని ఎక్కించుకుంటే బోటు కదలకూడదు. సైకిళ్ల బరువు కూడా ఆ లెక్కలోకే రావాలి.

వరద సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది, ద్వీపం మునిగింది. కాబట్టి అక్కడ కట్టేవి తక్కువగా, వరదొస్తే విప్పి తెచ్చుకునేలా ఉండాలి. ఎగువ నుంచి హెచ్చరిక రాగానే సైకిళ్లన్నీ బోట్ల మీద ఒడ్డునున్న పున్నమి ఘాట్‌కు చేర్చే బాధ్యత ఎవరిదో ముందే రాసి పెట్టండి.

ఇట్లు,
విజయవాడ పౌరుడు