మైక్రోస్కోపు బీరువా తాళం తీయండి

సంపాదకులకు నమస్కారం.

నేను మన విశాఖలోనే ఒక డిగ్రీ కాలేజీ బోటనీ ల్యాబ్‌లో అటెండర్‌గా పనిచేసి రిటైరయ్యాను. పెద్ద చదువులు చదవలేదు కానీ ప్రాక్టికల్స్ కోసం ఉల్లివేర్లు ఎన్ని పెంచానో లెక్కలేదు, ఏ పిల్లాడు వేరుని ఎక్కడ తప్పుగా కోస్తాడో పక్కనుంచి చూస్తేనే తెలిసిపోతుంది నాకు. ఈ ఉత్తరం మా మనవరాలి వల్ల రాస్తున్నాను.

ఇంటర్ బైపీసీ మొదటి సంవత్సరం చదువుతోంది, నీట్ కోచింగ్ కూడా అందులోనే. కణ విభజన మీద, అంటే ఒక కణం రెండుగా విడిపోవడం మీద, ఏ బిట్టు అడిగినా టకటకా చెప్పేస్తుంది. మనిషి కణంలో క్రోమోజోములు 46, ఉల్లిలో 16, కణచక్రం (కణం పెరిగి రెండుగా విడిపోయేదాకా జరిగే పని) మీద పరిశోధనకి 2001లో నోబెల్ వచ్చింది హార్ట్‌వెల్, హంట్, నర్స్‌లకి, అన్నీ నోటికి వచ్చు. "ఇదంతా ఎప్పుడైనా కంటితో చూశావా తల్లీ?" అంటే "చూడ్డమేటి తాతా?" అంది. వాళ్ళ కాలేజీలో మైక్రోస్కోపులు లేక కాదు, అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారట. రికార్డులో బొమ్మలు మాత్రం సీనియర్ల రికార్డు చూసి దించేశారు, సంతకాలు కూడా అయిపోయాయి. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఉల్లివేరులో కణాలు విడిపోవడం పిల్లకి చూపిద్దామని కంచరపాలెం రైతుబజార్లో నాలుగు ఉల్లిపాయలు తెచ్చాను. అడుగున ఎండిపోయిన పాత వేళ్ళు బ్లేడుతో గీరేసి, నీళ్ళు అడుగుకి తగిలీ తగలనట్టు సీసా మూతి మీద కూర్చోబెట్టాను. మన ఊరి ఉక్కకి నీళ్ళు రోజూ మార్చకపోతే కుళ్ళు కంపు కొడుతుంది. నాలుగో రోజుకి తెల్లటి వేళ్ళు దిగాయి. పొద్దున్నే కొసలు కోసి స్పిరిట్, ఎసిటిక్ యాసిడ్ కలిపిన సీసాలో వేసి ఉంచి, మర్నాడు యాసిడ్‌లో కాస్త మెత్తబరచి, ఎసిటోకార్మిన్ రంగు పట్టించి, పైన కవర్‌స్లిప్ పెట్టి బ్లాటింగ్ పేపర్ వేసి బొటనవేలితో నొక్కాలి. వేలు జరిగిందా, మొత్తం పాడైపోతుంది. కొయ్యాల్సింది కూడా కొసన రెండు మిల్లీమీటర్లే. పిల్లలు పట్టుకోవడానికి వీలుగా ఉంటుందని పైన లావుపాటి ముక్క కోసేస్తారు, అక్కడ కణాలు విడిపోవు, నీళ్ళు నింపుకుని పొడవుగా సాగుతాయంతే. వేరు మట్టిలోకి దిగేది ఆ సాగడం వల్లే, కానీ సాగడానికి కొత్త కణాలు కావాలి కదా, అవి పుట్టేది కొసన.

మైక్రోస్కోపు నాతో పనిచేసిన మాస్టారి దగ్గర అడిగి తెచ్చాను. పిల్ల కన్ను పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "కదలట్లేదేటి తాతా?" అంది. కదలవమ్మా, మనం మందులో వేసిన క్షణానికి ఏది ఏ దశలో ఉందో అలాగే ఆగిపోయింది అని చెప్పాను. అప్పుడు తనే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. వందకు పైగా కణాలు కనబడితే, విడిపోతున్నవి ఎనిమిదే. ఒకదాంట్లో క్రోమోజోములు మధ్యలో బారుగా నిలబడ్డాయి, ఇంకోదాంట్లో రెండు చివరలకీ వెళ్ళిపోతున్నాయి, ఒకచోట రెండు కణాల మధ్య కొత్త గోడ సన్నటి గీతలా లేస్తోంది. మిగతావన్నీ ఖాళీగా ఉన్నట్టే ఉంటాయి కానీ పని జరిగేది వాటిలోనే. పెళ్ళిలో ముహూర్తం ఎంతసేపు, దాని వెనక పనులు ఎన్నాళ్ళు! ల్యాబ్‌లో పెంచే మనిషి కణానికి ఒక చక్రం దాదాపు 24 గంటలైతే విడిపోయేది ఒక గంటే. మిగతా టైమంతా కణం పెరగాలి, డీఎన్‌ఏ మొత్తానికి నకలు తీసుకోవాలి, ఆ నకలులో తప్పులున్నాయేమో చూసుకోవాలి. ఆ చూసుకోవడం చెడి, ఆగాల్సిన చోట ఆగకుండా విడిపోతూ పోయేదే క్యాన్సర్.

ఆ మాట దగ్గర పిల్ల తలెత్తి, "అమ్మమ్మ జుట్టు అందుకేనా ఊడింది?" అంది. మా ఆవిడకి రెండేళ్ళ కిందట కీమో ఇచ్చారు. ఆ మందులు చాలావరకు విడిపోయే కణాలనే దెబ్బతీస్తాయి, జుట్టు కుదుళ్ళలోనూ నోటి లోపలి పొరలోనూ కణాలు గబగబా విడిపోతుంటాయి కాబట్టి వాటికీ దెబ్బ తగులుతుంది. మందు ఆపాక జుట్టు మళ్ళీ వచ్చింది. అప్పట్లో ఇంట్లో అందరం భయపడ్డాం, దీనికి కారణం ఈ పిల్ల చదివే పాఠంలోనే ఉందని తనకే తెలియదు.

మా మాస్టారు ప్రతి బ్యాచ్‌కీ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి చెప్పేవారు. అమెరికాలో ఆయన బృందం తయారుచేసిన మందులు కణం డీఎన్‌ఏ నకలు తీసుకోకుండా అడ్డుపడతాయి. వాటిలో ఒకదాన్ని ఇచ్చి బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకి కొన్నాళ్ళపాటైనా జబ్బు తగ్గించగలిగాడని 1948లో లోకానికి తెలిసింది, ఆ ఏడాదే సుబ్బారావు గారు పోయారు. ఆయన బృందం నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్‌ని ఇవాళ్టికీ వాడుతున్నారు. ఇంత దగ్గరి కథని నాలుగు ఆప్షన్ల ప్రశ్న చేసి వదిలేస్తే ఎలా అండీ?

అధికారులని నేను అడిగేది పెద్దదేం కాదు. ప్రాక్టికల్ మార్కులు వేసేముందు ప్రతి పిల్లా పిల్లాడూ తన చేత్తో ఒక్క స్లయిడ్ చేసినట్టు చూడండి. 1926లో మొదలైన ఆంధ్రా యూనివర్సిటీ మన ఊళ్ళోనే ఉంది, అక్కడివాళ్ళు నెలకో ఆదివారం గవర్నమెంటు స్కూలు పిల్లలకి ల్యాబ్ తలుపులు తీస్తే ఇంకా మంచిది. ఏ స్కూలువాళ్ళు పిలిచినా నేను వస్తాను, బస్సు ఛార్జీలు కూడా వద్దు. బ్లేడు, రంగు సీసా నేనే తెచ్చుకుంటాను. ఉల్లిపాయలు మాత్రం నాలుగు రోజుల ముందే నీళ్ళ మీద పెట్టి ఉంచండి.

— ఒక రిటైర్డ్ ల్యాబ్ అటెండర్, కంచరపాలెం, విశాఖపట్నం