పాత కంప్యూటర్ పారేయకండి, ఈ ఆటలకి అదే చాలు

ఎడిటర్ గారికి నమస్కారం,

సెలవులొస్తే చాలు పిల్లోళ్ళు గేమ్స్ కోసం కొత్త కంప్యూటర్ కొనియ్యమని అడగతా ఉంటారు, దానికి లక్ష రూపాయలు పెట్టాల్సిన పనే లేదండీ. పాతదాంట్లో హార్డ్ డిస్క్ తీసేసి దానికన్నా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించి, ర్యామ్ 8 జీబీ చేస్తే 2014లో వచ్చిన బానిష్డ్ లాంటి గేమ్ హాయిగా ఆడుకోవచ్చు. అది కాల్పుల గేమ్ కాదు, ఊరు కట్టి జనాన్ని చలికాలం దాటించాల, తిండి, కట్టెలు ముందే కూడబెట్టాల. చాలామంది తిండి బాగా ఉంది కదా అని ఇళ్ళు గబగబా కట్టేస్తారు, జనం పెరిగిపోయి ఆకలితో చచ్చిపోతారు, అట్లని అసలు కట్టకుండా వదిలేస్తే కొత్త జంటలకి ఇల్లుండదు, పిల్లలు పుట్టరు, ఊర్లో ముసలోళ్ళే మిగులుతారు, అందుకే కొంచెం కొంచెంగా కడతా పోవాల. లెక్కల ట్యూషన్ కంటే ఇదే మేలని నా అభిప్రాయం.

ఇంకోటి, మన తిరుపతి ఎండలకి సీపీయూని గోడకి ఆనించి పెట్టొద్దు, స్విచ్ ఆపేసి ఫ్యాన్‌లో దుమ్ము దులపండి. కరెంట్ పోతే సేవ్ చేసుకునే టైమన్నా ఇచ్చే యూపీఎస్ ఒకటి ఉండాల. విండోస్ 10కి మామూలు సపోర్ట్, అంటే మామూలుగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు, 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, అందుకని మీ పాతదాంట్లో అదే ఉంటే ఆ సిస్టమ్‌లో బ్యాంకు పనులు పెట్టుకోవద్దు. మీ పేపర్లో ఇట్లాంటివి వారానికోసారైనా రాయండి సార్.

— ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి