వెనక్కి తీసుకున్నామని ఎవరికి తెలుస్తోంది?

సంపాదకులకు నమస్కారం. మొన్న మా నాన్నకి తుంటి ఆపరేషన్‌కి ముందు, స్టాండుకి వేలాడుతున్న బాటిల్ చూపించి "ఇందులో ఏముంది సార్?" అని అడిగితే మత్తు డాక్టరు నవ్వేశారు. మామూలు సెలైనేనట. కానీ ఊరికే అడగలేదు నేను. జర్మనీలో యోఆకిమ్ బోల్ట్ అనే మత్తు డాక్టరు, ఆపరేషన్లప్పుడు ఎక్కించే స్టార్చ్ ద్రావణం భేషుగ్గా పనిచేస్తుందని ఏళ్ల తరబడి పేపర్లు రాశాడు, గుండె ఆపరేషన్ చేయించుకున్న ముసలివాళ్ల మీద చేశామన్నవీ వాటిలో ఉన్నాయి. 2009 నాటి ఒక పేపర్లో అంకెలు మరీ నున్నగా ఉన్నాయని అనుమానించింది ఎవరనుకున్నారు, మనలాంటి పాఠకులే (అంటే వాళ్లూ డాక్టర్లే లెండి), జర్నల్ సంపాదకుడికి ఉత్తరాలు రాశారు. తీగ లాగితే 2011లో దాదాపు 90 పేపర్లు వెనక్కి పోయాయి! 2013లో అతని లెక్కలు తీసేసి మళ్లీ చూస్తే, ఐసీయూ పేషెంట్లలో ఈ ద్రావణం వల్ల కిడ్నీ దెబ్బతినడం, చావులు ఎక్కువని తేలింది. అప్పటిదాకా ఎక్కించుకున్నవాళ్లకి ఎవరు జవాబు చెప్తారు?

మీ ఆరోగ్యం పేజీలో "కొత్త అధ్యయనం" అని పెద్ద హెడ్డింగు పెడతారు కదా, అదే అధ్యయనం రద్దయిన రోజు కూడా అదే పేజీలో, అంతే సైజులో వేయండి.

— ఒక పాఠకుడు, గుంటూరు