సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించిన వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన పని నవంబరు 5న, ప్రపంచ సునామీ అవగాహన దినం నాడు జరిపిన మాక్ డ్రిల్, అంటే సునామీ వస్తే ఊరు ఎలా ఖాళీ చేయాలో చేసి చూసిన అభ్యాసం. 1854లో జపాన్‌లోని హిరో గ్రామంలో హమగుచి గోర్యో అనే పెద్దమనిషి వరి కుప్పలకు నిప్పుపెట్టి, ఆ వెలుగులో జనాన్ని మెరకకు చేర్చి సునామీ నుంచి కాపాడాడు. ఐక్యరాజ్యసమితి ఈ తేదీని ఎంచుకున్నది ఆయన గుర్తుగానే. పిల్లలకు ఈ సంగతి ముందురోజే చెప్పి, డ్రిల్ కూడా రాత్రిపూట లైట్లు తీసేసి చేశాం.

పగటి డ్రిల్‌లో బయటపడని లోపాలు చీకట్లో బయటపడ్డాయి. మంచం పట్టిన పెద్దల పేర్లు మన జాబితాలో ఉన్నాయి గానీ, వాళ్లను ఎవరు తీసుకురావాలో రాసి లేదు. చెవులు వినపడని వాళ్లకు సైరన్ మోగినట్టే తెలియలేదు. ఇప్పుడు అలాంటి ప్రతి ఇంటికీ ఇద్దరేసి బాధ్యులను పెట్టాం. చివరి ఇంటి అవ్వను మంచంతో సహా మోసుకొచ్చిన కుర్రాళ్లను చూస్తే నాకు కళ్లు చెమర్చాయి. వాళ్లకూ, వాళ్లను పంపిన తల్లిదండ్రులకూ, మైకు పట్టుకుని వీధివీధీ తిరిగిన మహిళా సభ్యులకూ, బండ్లు ఇచ్చిన వారికీ సంఘం తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

బాధపడాల్సినవీ ఉన్నాయి. డ్రిల్‌లో అందరం తలదాచుకోవాల్సిన షెల్టర్ దగ్గరికి చేరేసరికి తలుపుకు తాళం! తాళంచెవి ఉన్న ఉద్యోగి ఊళ్లో లేరు. ముసలివాళ్లతో, చంటిపిల్లలతో బయటే నిలబడ్డాం. రెండో తాళంచెవి సంఘానికి ఇవ్వమని అప్పటి నుంచి అడుగుతూనే ఉన్నాం. ఇసుక దిబ్బల తవ్వకం మీద పెట్టిన అర్జీలకూ జవాబు లేదు. ఉప్పెనకు మొదటి అడ్డు ఆ దిబ్బలే కదా!

రిజిస్టరులో సంతకం చేసిన వాలంటీర్లలో చాలామంది డ్రిల్‌కి రాలేదు. తుఫాను అయితే రోజుల ముందే కబురు అందుతుంది. దగ్గర్లో భూకంపం పుడితే సునామీకి నిమిషాలే టైమ్. అప్పుడు ఫోన్లు చేసి ఎవరినీ పిలవలేం. ఇండోనేషియాలోని సిమెలూ దీవి వాళ్లు 1907 నాటి సునామీ గురించి ఇంటింటా చెప్పుకుంటూ వచ్చారు కాబట్టే, 2004 డిసెంబరు 26న భూమి కదలగానే కొండలెక్కి దాదాపు అందరూ బతికారు. సముద్రం వెనక్కి తీసిందని చూడ్డానికి పోకూడదనీ, మొదటి అలతో అంతా అయిపోయిందని ఇంటికి తిరిగి రాకూడదనీ మన పిల్లలకూ నోటికి రావాలి.

అలల జోరు తగ్గించే మడ మొక్కలు నిరుడు అలలు నేరుగా తగిలే చోట నాటి పోగొట్టుకున్నాం. ఈసారి కాలువ మొగ దగ్గర బురద నేలలో నాటాం, నిలబడ్డాయి.

జమాఖర్చులు కోశాధికారి ఆడిట్ చేయించారు. పత్రం మీ అందరికీ అందింది, ఆమోదించ ప్రార్థన.

వచ్చే డ్రిల్‌కి వాలంటీర్ల జాబితా కొత్తగా రాస్తున్నాం. రాగలిగిన వారే పేరు ఇవ్వండి. రిజిస్టరు ఈ బల్ల మీదే ఉంది.

ఇట్లు,
కార్యదర్శి